పాత పేరే పెట్టమనండి

అతని వీపు కింద చెయ్యి దూర్చి, మోకాలు మంచానికి ఆనించి, ఆమె అతన్ని గోడవైపు తిప్పుతుండగా ఎవరో తలుపు కొట్టారు. అలాగే ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో దుప్పటి ముడతలు సరిచేసి, మెల్లగా మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టింది. మెడా చెవుల వెనకా తడిగుడ్డతో తుడిచాకే తలుపు దగ్గరికి వెళ్లింది.

ఇంటర్నెట్ కొత్త కంపెనీ మనిషి. భుజాన వైరు చుట్ట, చేతిలో పనిముట్ల పెట్టె.

"ఇప్పటిదాకా ఎవరిదమ్మా కనెక్షను?"

ఆమె చెప్పేలోపే మంచం మీంచి భర్త గొంతు వచ్చింది. పెదవి ఒక పక్కే కదులుతుంది కాబట్టి మాట ముద్దగా ఉంటుంది. "ఆవిడ... ఉద్యోగం చేసేదే... అందులో."

వచ్చినతను నవ్వాడు. "మీరే మా కంపెనీకి వచ్చేస్తే ఇక మీ వాళ్లు దుకాణం కట్టెయ్యాల్సిందే మేడమ్."

"మా వాళ్లే ఈ వీధికి లైను తీసేశారు. నేనేం చెయ్యను?" అంది ఆమె, పక్కకి జరిగి దారిస్తూ.

భర్త బస్సు డ్రైవరు. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయేదాకా ఒక్క రోజు సెలవు పెట్టిన మనిషి కాదు. నోటి మాట నిలబడాలంటే రోజూ మాట్లాడిస్తూ ఉండమని డాక్టరు చెప్పాడు. ఆమె పగలంతా ఆఫీసులో. అతనికి కుడి చెయ్యి లేవదు, ఎడమ చేతిలో ఫోను నిలవదు. అందుకని మంచానికి ఎదురుగా గూట్లో ఒక చిన్న కెమెరా పెట్టింది. అరచేతిలో ఇమిడేంత తెల్లటి గుండ్రటి వస్తువు. మధ్యాహ్నం ఆఫీసులో ఫోను తెరిస్తే గది కనిపిస్తుంది, ఆమె మాట్లాడితే గూట్లోంచి మాట వస్తుంది. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు.

"ఉన్నారా?"

"ఎక్కడికి పోతాను? బండి తాళాలు నీ దగ్గరేగా."

ఆ జవాబు కోసం అతను పొద్దుటినుంచీ మాట కూడగట్టుకుంటాడని ఆమెకి తెలుసు.

ఆమె జావ ఫ్లాస్కులో పోసి, మందులు సాసర్లో పెట్టి, పక్కింటి పిన్నిగారికి తాళం చెవి ఇచ్చి వచ్చింది. జుట్టు పైకి చుట్టి క్లిప్పు పళ్ల మధ్య పట్టుకుని ఉండగా కింద ఆఫీసు వ్యాను హారను మోగింది.

"మేడమ్, వైఫైకి పేరేం పెట్టమంటారు?"

"ఏదో ఒకటి పెట్టెయ్ బాబూ," అంది క్లిప్పు తియ్యకుండానే. అతను కాగితమ్ముక్క మీద రాసిచ్చిన పాస్‌వర్డు తన ఫోనులో కొట్టుకుంది. వచ్చింది. చాలనుకుంది.

"మధ్యాహ్నం పిలుస్తాను," అంది భర్తతో. అతను ఎడమ చెయ్యి కొంచెం ఎత్తాడు, బస్సు కదిలేముందు ఎత్తినట్టే.

ఆఫీసులో ఆమె సీటు ఆఖరి వరసలో, ఏసీ గాలి తిన్నగా నెత్తిన పడే చోట. ఫోన్లన్నీ బయట లాకర్లో పెట్టి రావాలి. చెవులకి తగిలించుకునే హెడ్‌సెట్టుకి స్పాంజి ఊడిపోతే చేతిరుమాలు ముక్క కుట్టుకుంది. ఆమె పని, కనెక్షను తీసేస్తామని ఫోను చేసేవాళ్లని ఆపడం. ఆగరని తెలిశాక మర్యాదగా వదిలెయ్యడం. వదిలేముందు కంపెనీ చెప్పమనని మాట ఒకటి తనంతట తనే చెబుతుంది.

"కొత్త వైఫై డబ్బాకి మీ పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టమనండి. ఇంట్లో ఉన్నవన్నీ వాటంతటవే కలుసుకుంటాయి. లేకపోతే ఒక్కొక్కదానికీ మళ్లీ మొదట్నుంచి పరిచయం చెయ్యాలి."

"మా అక్క పోయేవాళ్లకి సద్ది కట్టి మరీ పంపిస్తుంది," అని పక్క సీటు అమ్మాయి వేళాకోళం చేస్తుంది.

ఆ రోజూ ఎవరో పెద్దాయనకి అదే చెబుతోంది. "కొత్త డబ్బాకి మీ పాత పేరు..." దగ్గర నాలుక ఆగిపోయింది. నోట్లో క్లిప్పు పట్టుకుని తను అన్న 'ఏదో ఒకటి పెట్టెయ్' చెవిలో వినిపించింది.

"హలో? ఉన్నారా?" అన్నాడు పెద్దాయన.

"ఉన్నాను సార్," అంది.

భోజనాల వేళ లాకరు తెరిచి ఫోను చూసింది. గది ఉండాల్సిన చోట నల్లగా ఉంది. మధ్యలో చిన్న సున్నా తిరుగుతోంది. తమ ఇంటి వైఫైకి భర్త పెట్టిన పేరు 'పక్కింటికి ఇవ్వం'. పెట్టిన సాయంత్రమే పిన్నిగారిని పిలిచి పాస్‌వర్డు తనే ఇచ్చాడు. ఆ పేరు కోసమే కెమెరా వెతుక్కుంటోంది.

పిన్నిగారికి ఫోను చేసింది.

"నాకూ పొద్దుటినుంచీ నెట్టు లేదమ్మా. అడిగితే బాగోదని ఊరుకున్నా," అంది పిన్నిగారు.

"ఆయన ఎలా ఉన్నారు పిన్నిగారూ?"

"జావ రెండు చెంచాలు తాగారు. చాలన్నారు. ఆ గూటివంకే చూస్తూ, ఇంకా రాలేదా అని అడిగారు. ఎవరు బాబూ అంటే చెప్పలేదు. ఇప్పుడే కాస్త కన్నంటుకుంది. లేపి ఫోను చెవి దగ్గర పెట్టనా?"

రాత్రంతా కాలు లాగేస్తోందని అతను నిద్రపోలేదు.

"వద్దులెండి. పడుకోనివ్వండి. సాయంత్రం వస్తాగా."

మిగిలిన పూటంతా ఎవరెవరికో అవే మాటలు చెప్పింది. వ్యానులో కిటికీ పక్కన కూచుని ఏం చెయ్యాలో అనుకుంది. ఇంట్లోకి చప్పుడు కాకుండా వెళ్లి, ముందు పాత పేరు పెట్టెయ్యాలి. వంటింట్లోంచే పిలవాలి. ఇంత ఆలస్యమా, డ్యూటీ ఎవరు మార్చుకోమన్నారు అని తిడతాడు. తిట్టనివ్వాలి.

చెప్పులు గడప బయటే విడిచింది. గది వాకిట్లోంచి తొంగిచూసింది. అతని తల గూటివైపు ఒరిగి ఉంది, దుప్పటి ఛాతీదాకా ఉంది. నిద్రే అనుకుంది. వంటింటి గోడకి బిగించిన కొత్త డబ్బా ముందు నిలబడి, ఫోనులో కొత్త పేరు చెరిపి ఒక్కొక్క అక్షరమే పాతది కొట్టింది. పాస్‌వర్డూ పాతదే. ఫోను తెర మీద తిరుగుతున్న సున్నా ఆగిపోయింది. గది కనిపించింది.

"ఉన్నారా?" అంది, నవ్వు ఆపుకుంటూ.

పక్క గదిలో గూట్లోంచి ఆమె గొంతే ఆమెకి వినిపించింది. జవాబు రాలేదు. మళ్లీ పిలిచింది. అప్పుడు ఫోను కళ్లకి దగ్గరగా తెచ్చుకుని చూసింది. అతని కళ్లు తెరిచే ఉన్నాయి. తిన్నగా ఆమెనే చూస్తున్నాయి.

పక్కింట్లో పిన్నిగారి ఫోను పొద్దుటినుంచీ రానివన్నీ ఒక్కసారిగా వస్తున్నట్టు టింగు టింగుమని మోగుతూనే ఉంది.

నిద్రలోనే పోయుంటారని డాక్టరు అన్నాడు, పిన్నిగారూ అంది. ఆమె కాదనలేదు. మర్నాడు అతన్ని తీసుకెళ్లారు. దుప్పటి తీసేశారు, పరుపు చుట్టి గోడకి ఆనించారు, మందుల సాసరు కడిగి బోర్లించారు. గూటి జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అక్కడ కెమెరా, పాత పేరుతో కలుసుకుని, పచ్చదీపం వెలిగించుకుని ఖాళీ మంచంవైపు తిరిగి ఉంది.