అడ్వాన్సు ఇచ్చేదాకా లేవం

డెరెక్ కూలిపోయినప్పుడు నేను అతని వెనకే నిలబడి ఉన్నాను. ఇంగ్లండులోని రేవు పట్టణం గ్రిమ్స్‌బీలో మా చేపల ఫ్యాక్టరీ మూతపడ్డాక అందరం నిరుద్యోగ భృతి ఆఫీసు వరసల్లోకి వచ్చి పడ్డాం. డెరెక్‌ది చక్కెర జబ్బు. ఇన్సులిన్ పొడుచుకున్నాడు గానీ, తినడానికి ఇంట్లో ఏమీ లేదు. అధికారి బల్ల ముందే కుప్పకూలాడు.

మావిస్ పరుగెత్తుకొచ్చి తన ఫ్లాస్కులోని తియ్యటి టీ గుక్కగుక్కగా తాగించింది. ఏళ్ల తరబడి నా పక్కన నిలబడి చేపలు కోసిన మనిషి ఆమె.

ప్రెంటిస్ అనే ఆ అధికారి కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు.

"భృతి అయిదు వారాలకు గానీ రాదు. నేనేం చెయ్యను?"

"ఈలోగా అడ్వాన్సు ఇవ్వొచ్చుగా సారూ?" అంది మావిస్.

"మరీ అత్యవసరమైతేనే."

"మనిషి నేలమీద పడున్నాడు! శవమైతే గానీ అత్యవసరం కాదా?"

గార్డు మమ్మల్ని బయటికి నెట్టేశాడు.

ఆ మధ్యాహ్నం చర్చి హాల్లో ఉచిత సూపు తాగుతూ వాదించుకున్నాం.

"అది అడ్వాన్సు కాదు, అప్పు" అన్నాడు కుర్రాడు జెజ్. "తర్వాత మన భృతిలోనే కోసుకుంటారు. ఆ ముష్టి కోసం పోరాటమా?"

ఇద్దరు పిల్లల తల్లి షీలా మండిపడింది. "నీకేం, ఒంటిగాడివి! నా పిల్లలకి రాత్రికేం పెట్టను, నీ ఉపన్యాసమా?"

"ఇద్దరూ నిజమే చెప్తున్నారు" అంది మావిస్. "ముందు తిండికి అడ్వాన్సు అడుగుదాం. మన హక్కుని అప్పుగా ఎందుకిస్తున్నారనీ అడుగుదాం. ఒక్కొక్కరం పోతే మాత్రం ఒక్కొక్కరినీ నెట్టేస్తారు."

నాకు భయమేసింది. "అసలు భృతే ఆపేస్తే?"

"ఇప్పుడేం ఇస్తున్నారే, ఆపడానికి?" అంది మావిస్.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. భయం మాత్రం పోలేదు.

మర్నాడు అందరం వెళ్లి ఆఫీసు నేలమీద కూర్చున్నాం. ప్రెంటిస్ డెరెక్ ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు. కాసేపటికి డెరెక్ బయటికొచ్చాడు.

"నాకిస్తారట. మీరంతా వెళ్లిపోతేనే."

 ముందుగా షీలాయే అంది, "తీసుకో డెరెక్. చచ్చిపోతావ్."

"నిన్న పడిపోతే మీరేగా లేపారు? ఇవాళ మిమ్మల్ని దాటుకుని పొమ్మంటావా?" అని మా మధ్య చతికిలబడ్డాడు.

షీలా తన రొట్టె అతని చేతిలో పెట్టింది. "అయితే ముందిది తిను, మొండివాడా!"

ప్రెంటిస్ పిలిపించిన పోలీసులొచ్చి, మమ్మల్ని కూడగట్టిందని మావిస్ రెక్క పట్టుకున్నారు. ఆమె కుర్ర కానిస్టేబుల్ మొహంలోకి చూసింది.

"నువ్వు జీన్ కొడుకువి కదూ? మీ అమ్మా నేనూ ఒకే బల్ల మీద చేపలు కోశాం. మెల్లగా పట్టుకో నాయనా, కీళ్ల నొప్పులు."

అతను తల దించుకున్నాడు. పట్టు మాత్రం వదల్లేదు.

వాళ్లు మావిస్‌ని తీసుకెళ్లాక ప్రెంటిస్ మావైపు తిరిగాడు. "ఇక చాలా? బయల్దేరండి!"

 నేను లేచి బల్ల దగ్గరికి నడిచాను.

"అడ్వాన్సు కోసం వచ్చాను. నాకూ, వీళ్లందరికీ. మావిస్‌ని కూడా వదిలిపెట్టాలి."

వెనక ఎవరో నేలమీంచి లేచిన చప్పుడు. షీలా వచ్చి నా పక్కన నిలబడింది. ఆమె పక్కన జెజ్. రొట్టె నములుతూనే డెరెక్ కూడా లేచాడు.