పెద్ద ఆయమ్మ నడుము

ఆ ఆసుపత్రి రెండో అంతస్తులో మంచం మీది రోగిని చక్రాల కుర్చీలోకి మార్చాలంటే అందరూ పెద్ద ఆయమ్మనే పిలుస్తారు. మోకాళ్లు వంచకుండా, నడుము వంచి, ఒక్క ఊపులో లేపేస్తుంది. మోకాళ్లు వంచి నిదానంగా లేపేవాళ్లను "మహారాణులు" అని వెక్కిరించడం ఆ వార్డులో ఆనవాయితీ. ఆ పేరు పెట్టింది ఆవిడే. యూనిఫాం కింద నడుముకు గుడ్డ బిగించి కట్టుకుంటుందన్న సంగతి మాత్రం కోడలికి తప్ప ఎవరికీ తెలియదు.

"డాక్టరుగారికి చెప్పేయండి అత్తయ్యా," అంది కోడలు ఓ సాయంత్రం ఆ ముడి విప్పుతూ.

"చెబితే ఇంట్లో కూర్చోమంటారు. నువ్వు నోరు మెదపకు."

మర్నాడే పక్షవాతం వచ్చిన ఓ మాస్టారిని లేపుతుంటే నడుము కలుక్కుమంది. చేతులు పట్టు తప్పాయి. పక్కనున్న నర్సు పట్టుకోబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఆ పెద్దాయన నేలమీద పడేవారే. తన నొప్పి తన ఒక్కదానిదే అనుకుంది ఆయమ్మ ఇన్నాళ్లూ.

ఆ మధ్యాహ్నం తనంతట తానే ఫిజియోథెరపీ గదికి వెళ్లి అంతా చెప్పేసింది. భయపడినట్టు ఉద్యోగం పోలేదు. కొన్నాళ్లు దుప్పట్లు మడతపెట్టే పని ఇచ్చారు. నొప్పి తగ్గాక, వట్టి చేతులతో చేసే వ్యాయామాలన్నీ అయ్యాక, అక్కడి డాక్టరమ్మ పిడి ఉన్న ఓ ఇనప గుండు తెచ్చింది. కెటిల్‌బెల్ అంటారట.

"నా రాత కాకపోతే! ఇన్నేళ్లూ మనుషుల్ని మోసింది చాలక ఇనుము కూడానా?"

"నాలుగు కిలోలే. రెండు చేతులా ఛాతీ దగ్గర పట్టుకోండి. పాదాలు భుజాలంత ఎడం. వెనక కుర్చీ ఉందనుకుని కూర్చోబోండి."

ఆయమ్మ అలవాటు కొద్దీ ముందుకి వంగింది.

"కుర్చీ ముందుందా, వెనకుందా?" డాక్టరమ్మ నవ్వింది. "మడమలు లేవకూడదు. మోకాళ్లు కాలివేళ్ల వైపే వంగాలి. పొట్ట బిగించండి. ఆఁ, ఇప్పుడు ఊపిరి వదులుతూ లేవండి. మీ గుడ్డ చేసే పని పొట్ట, నడుము కండరాలే చేస్తాయి, వాటికి నేర్పితే."

మూడు నెలలకు, ఆయమ్మ తిరిగి వార్డు పనిలో చేరాక, పరీక్షల కోసం మాస్టారు మళ్లీ వచ్చారు. ఆయమ్మను చూడగానే మంచం పట్టె గట్టిగా పట్టుకున్నారు. "ఇంకెవరైనా ఉన్నారా అమ్మా?"

ఆ మాట ఆవిడకు సూదిలా గుచ్చుకుంది. అయినా దగ్గరగా జరిగి, మోకాళ్లు వంచి, ఆయన్ని ఛాతీకి ఆనించుకుని, పొట్ట బిగించి నిదానంగా లేచింది. మాస్టారు కుర్చీలో కుదురుగా కూర్చున్నారు.

"మహారాణిగారు!" వెనకనుంచి కుర్ర ఆయాలు కిసుక్కుమన్నారు.

"అవునర్రా, మహారాణినే," అంది ఆయమ్మ. "ఆ రోజు ఈయన పడబోయింది నేను నొప్పి దాచుకోబట్టి. రేపట్నుంచి రోజూ పది నిమిషాలు మీరూ నాతో ఆ గుండు పట్టాలి. పదిమందిని లేపాల్సిన మనిషి ముందు తన ఒంటిని చూసుకోవాలి. నొప్పి దాచుకోవడం ఓర్పు కాదు, మనల్ని నమ్ముకున్నవాళ్లకి చేసే అన్యాయం."