పిడికిలి బిగించండి

మా ల్యాబ్‌కి పొద్దున ఆరున్నరకే జనం వస్తారు. అందరూ పరగడుపున షుగర్ చూపించుకునేవాళ్ళే. కాఫీ తాగకుండా ఇల్లు కదిలిన మనిషికి ఎంత కోపం ఉంటుందో జగ్గయ్యపేటలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రక్తం తీసేది నేనే కాబట్టి ఆ కోపమంతా నా మీదే. పదకొండేళ్ళుగా ప్రతి మనిషికీ ఒకటే మాట చెబుతున్నాను, "పిడికిలి బిగించండి" అని. బిగిస్తే నరం పైకి తేలుతుంది. తేలిన నరంలోకి ఒక్కసారికే సూది దించడం నా గొప్ప. చంటిపిల్లలనైనా రెండోసారి గుచ్చదు ప్రేమకుమారి అని పేరు తెచ్చుకున్నాను.

అలాంటిది, ఆ చలికాలం నా పిడికిలే పడటం మానేసింది.

2006 వానల్లో చికున్‌గున్యా వచ్చి మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటినీ కుంటించింది. చిల్లకల్లు నుంచి వత్సవాయి దాకా మంచం వెయ్యని ఇల్లు లేదు. బజారులో ఎవర్ని చూసినా గోడ పట్టుకుని నడిచేవాళ్ళే. నాకూ రెండు రోజులు జ్వరం కాసి, కీళ్ళు పట్టేశాయి. దసరా నాటికి అందరూ లేచి తిరిగారు. నా వేళ్ళు మాత్రం కోలుకోలేదు. పొద్దున లేచేసరికి రెండు చేతులూ బిర్రబిగుసుకుని ఉండేవి, ఎనిమిదింటికి గానీ వదిలేవి కావు. నా పనేమో ఆరున్నరకి.

నొప్పి అని నోరు జారితే చాలు, వైద్యం చెప్పనివాడు పాపాత్ముడు. పాలు పోసే ఆయన ఒక తైలం చెప్పాడు. ఎదురింటావిడ రాగి కడియం చెప్పింది. మా అత్తయ్య తిరుపతమ్మ గారు వావిలాకు కాచిన నీళ్ళతో మొదలుపెట్టి మా వంటింట్లో సగం కూరలు బహిష్కరించారు.

"వాతమే అమ్మా ఇది. నా మాట విని నాలుగు రోజులు వంకాయ మానెయ్."

"మానేసి రెండు నెలలైందండీ అత్తయ్యా!"

"అయితే వంకాయ కాదన్నమాట. చన్నీళ్ళలో చెయ్యి పెడుతున్నావ్."

నాకు ఒళ్ళు మండిపోయేది. వీళ్ళకేం తెలుసు, నాకు తెలుసు అనుకునేదాన్ని. నేను పరీక్ష చేసుకున్నాను కదా మరి. కీళ్ళవాతానికి ఆర్.ఏ. అని ఒక పరీక్ష ఉంది. నల్లటి స్లైడు మీద మనిషి రక్తంలోంచి తీసిన సీరం ఒక చుక్క, పాలలా ఉండే మందు ఒక చుక్క వేసి కలిపి, రెండు నిమిషాలు అటూ ఇటూ ఊపాలి. రవ్వరవ్వగా విరిగితే జబ్బు ఉన్నట్టు, నున్నగా పాలలాగే ఉంటే లేనట్టు. నా రక్తంతో మూడుసార్లు చేశాను. మూడుసార్లూ పాలే. ఇంకేముంది, చికున్‌గున్యా పీడ ఇంకా వదల్లేదు అనుకుని ఊరుకున్నాను.

ఆ సీజన్లో ఆ పరీక్ష కొన్ని వందలమందికి చేశాను. నెగెటివ్ వచ్చిన ప్రతివాళ్ళకీ కాగితం చేతిలో పెడుతూ "ఏమీ లేదమ్మా, చికున్‌గున్యానే, తగ్గిపోతుంది" అని నవ్వి పంపేదాన్ని. అది డాక్టరు చెప్పాల్సిన మాట. కానీ వాళ్ళు నా మొహంలోకి చూసి అడిగేవారు, చెప్పడం నాకూ బాగుండేది. వత్సవాయి నుంచి వచ్చిన బేబి అనే పత్తికూలీ అయితే "నిజంగా ఏం లేదా అమ్మా?" అని మూడుసార్లు అడిగింది. మూడోసారికి విసుక్కున్నాను కూడా. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

జనవరి వచ్చేసరికి ఫ్లాస్కులో వేడినీళ్ళు పట్టుకెళ్ళి, జనం చూడకుండా లోపలి గదిలో చేతులు ముంచుకుని బయటికి వచ్చేదాన్ని. ఒకరోజు వీరరాఘవయ్య మాస్టారు వచ్చారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, నెలనెలా నా చేతే రక్తం తీయించుకుంటారు. ఆయన నరాలు తాళ్ళలా ఉంటాయి, కళ్ళు మూసుకుని గుచ్చవచ్చు. ఆ రోజు రెండుసార్లు తప్పింది. మూడోసారి సూది దిగింది గానీ సిరంజి లాగడానికి నా బొటనవేలు కదలనంది. ఆయన మోచేతి దగ్గర నల్లగా కమిలింది.

"ఏంటమ్మాయ్ ఇది, నా మీద నేర్చుకుంటున్నావా?"

"సారీ మాస్టారూ, చలికి వేళ్ళు…"

"చలి నాకూ ఉంది. ఏదీ, చెయ్యి చూపించు."

బళ్ళో గోళ్ళు చూపించినట్టు రెండు చేతులూ చాపాను. ఉబ్బిన కణుపులు చూసి ఆయన కోపం కాస్త తగ్గింది.

"ఎవరికన్నా చూపించావా?"

"టెస్ట్ చేసా మాస్టారూ. నెగెటివ్ వచ్చింది."

"ఎవరు చేశారు?"

"నేనే."

"పేపరు రాసిందీ నువ్వే, దిద్దుకుందీ నువ్వేనా! ముందు నందిగామ వెళ్ళు."

నందిగామ డాక్టరు రామచంద్రమూర్తి గారు చేతులు పట్టుకుని చూసే మనిషి. నా కణుపులన్నీ కలిపి అటూ ఇటూ నొక్కారు. నేను కెవ్వుమన్నాను. ఎక్స్‌రే తీయించి లైటు ముందు పెట్టారు.

"ఇదుగో చూడండమ్మా, కీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఎముక ఎలా పలచబడిందో. ఇంకా గుంటలు పడలేదు. ఇలాగే వదిలేస్తే పడతాయి."

"ఆర్.ఏ. నెగెటివ్ కదండీ. మూడుసార్లు చేసా."

"ముప్ఫైసార్లు చేసినా అంతే. జబ్బుండీ అందులో దొరకనివాళ్ళు చాలామంది ఉంటారు. ల్యాబులో పనిచేస్తారు, మీకా సంగతి తెలియదా?"

తెలుసు. డిప్లొమాలో చదివాను. పరీక్షలో ఆ ప్రశ్నకి జవాబు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అదే నాకు అన్నిటికన్నా మంట.

సి.సి.పి. యాంటీబాడీ పరీక్షకి నా రక్తం హైదరాబాదు పంపారు. వారానికి రిపోర్టు వచ్చింది. పాజిటివ్, అదీ చాలా ఎక్కువ.

"మన ఒంట్లో పుట్టి మన మీదే తిరగబడే యాంటీబాడీలు ఇవి," అన్నారాయన. "ఒక్కోసారి నొప్పి రాకముందే, ఏళ్ళ తరబడి రక్తంలో ఉంటాయి. ఇవి ఎక్కువున్నవాళ్ళకి ఎముక తొందరగా పోతుంది. మీకు నొప్పులు ఎప్పటినుంచి?"

"ఆర్నెల్లండీ."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మందు మొదలుపెట్టాల్సింది ఆ ఆర్నెల్లలోనేనమ్మా. పోయిన ఎముక తిరిగి రాదు. ఉన్నది కాపాడుకుందాం." వారానికి ఒక్కసారి వేసుకునే మాత్రలు రాశారు. పని చెయ్యడానికి రెండు మూడు నెలలు పడుతుందన్నారు. నా చేతులు మళ్ళీ సూది పట్టేంత బాగవుతాయా అని అడిగితే, అవ్వచ్చు అన్నారు గానీ అవుతాయి అనలేదు.

తిరుగు బస్సులో ఎవర్ని తిట్టుకోవాలో తెలియలేదు. దోమని తిట్టుకున్నాను, అత్తయ్య వంకాయని తిట్టుకున్నాను. చిల్లకల్లు స్టేజీలో పత్తికూలీలు ఎక్కారు. వాళ్ళ చేతులు చూడగానే బేబి గుర్తొచ్చింది. ఆ తర్వాత నన్ను నేను తిట్టుకోవడం తప్ప వేరే పని లేకపోయింది. మర్నాడు రిజిస్టరు తిరగేస్తే పేరు, వయసు, ఊరు తప్ప ఏమీ లేదు. వత్సవాయి నుంచి వచ్చిన ప్రతివాళ్ళ చేతా కబురు పెట్టాను.

నాలుగో రోజు మొదటి బస్సుకే బేబి వచ్చింది. రాగానే కొంగు ముడి విప్పబోయింది, వేళ్ళు రాక చివరికి పళ్ళతో విప్పింది. ప్లాస్టిక్ కవర్లోంచి నా కాగితం తీసింది.

"ఇదుగోనమ్మా, మీరిచ్చిందే. ఏం లేదని రాసుందంట కదా. మా ఇంట్లో ఇదే చూపించి తిడతన్నారు. ఏం లేనిదానివి పనికి పోకుండా నాటకాలెందుకు ఆడతన్నావ్ అంటన్నాడు మా ఆయన."

ఇన్నాళ్ళూ నేను నవ్వుతూ ఇచ్చింది ఒక మంచి కబురు అనుకున్నాను. దానితో ఈమెని ఇంటిల్లిపాదీ రోజూ సాధిస్తున్నారు.

"తప్పు నాది బేబీ. ఆ పరీక్ష ఒక్కటీ చాలదు. ఇంకోటి చేయిద్దాం. ఖర్చు నేను చూసుకుంటా." కూర్చోబెట్టి జబ్బకి రబ్బరు కట్టి, అలవాటు చొప్పున అన్నాను, "పిడికిలి బిగించు."

ఆమె వేళ్ళు సగం వంగి ఆగిపోయాయి. "పడట్లేదమ్మా," అంది, తప్పు చేసినదానిలా.

గోడ గడియారంలో ఏడు కావస్తోంది. నా కుడిచెయ్యి ఎత్తి ఆమె ముందు పెట్టి బిగించబోయాను. అదీ సగంలోనే ఆగింది. "నాకూ పడట్లేదు."

బేబి నా చేతిని చూసింది, తన చేతిని చూసుకుంది. "మరి మీరు కూడా ఏం లేదనే అనుకున్నారా అమ్మా?"

"అనుకున్నా."

నరం వెతకడానికి చాలాసేపు పట్టింది. సూది ఒక్కసారికే దిగింది గానీ సిరంజి లాగడానికి రెండో చెయ్యి కూడా సాయం పట్టాల్సి వచ్చింది. ట్యూబు మీద పేరు రాస్తుంటే బేబి దగ్గరికి జరిగి, పక్కవాళ్ళకి వినపడకుండా అడిగింది.

"అమ్మా, ఈసారన్నా ఏదో ఒకటి ఉందని రాయండమ్మా."

పదకొండేళ్ళలో జబ్బు లేదని రాయమని బతిమాలినవాళ్ళనే చూశాను. ఏడుపు ఆగలేదు నాకు. ఏం వస్తుందో నాకు తెలియదని చెప్పాను. రిపోర్టు ఏదొచ్చినా సరే, ఆ కాగితం ఇంటికి తీసుకెళ్ళకుండా సోమవారం నాతో నందిగామ రమ్మన్నాను.