బుధవారం చెత్తబండి రాదు

మా తైనాన్ కాలేజీలో ఆక్యుపేషనల్ థెరపీ, అంటే జబ్బుపడ్డవాళ్లకి రోజువారీ పనులు మళ్లీ అలవాటు చేసే వైద్యం, చదివే పిల్లలకి నేను ఆక్యుపేషనల్ సైన్స్ చెబుతాను. మనుషులు రోజూ చేసే పనులు ఎప్పుడు, ఎవరితో, ఎందుకు చేస్తారో తరచి చూసే శాస్త్రం అది. మా హెడ్డు కో సారు దృష్టిలో మాత్రం గిన్నెలు తోమడం మీద వారానికి రెండు గంటల సోది.

"శుక్రవారం మీటింగులో నీ రెండు గంటలూ ఎముకల క్లాసుకి ఇచ్చేస్తున్నానమ్మా," అన్నాడు సోమవారం. పదకొండేళ్లుగా చెబుతున్న పాఠం! నాకు ఒళ్లు మండిపోయింది.

"మీ ఎముకలు ఆగ్యోక్ మామ్మని లేపాయా సార్?"

ఆ మాట గట్టిగానే తగిలింది. ఆగ్యోక్ మామ్మకి పక్షవాతం వచ్చి కుడిచేతిలో పట్టు పోయింది. మా కాలేజీ ఆస్పత్రిలోనే ఉంది. మూడు వారాలుగా సారు ఆవిడ ముందు చెక్క దిమ్మెలు పెట్టి, ఒకదానిమీద ఒకటి పేర్చమంటున్నాడు. "నేనేమన్నా చంటిపిల్లనా?" అంటూ ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంటోంది.

"సరే, శుక్రవారంలోపు నువ్వే లేపు. లేపితే నీ పాఠం ఉంటుంది," అన్నాడు.

మామ్మ కూతుర్ని అడిగాను. చెత్తబండి పాట వినబడితే చాలు, సంచీ పుచ్చుకుని వీధిలో అందరికంటే ముందుండేదట. ఇంకేం! బుధవారం పొద్దున్న పదింటికి కో సారునీ, ఇరవైమంది విద్యార్థుల్నీ వార్డులో నిలబెట్టి, మామ్మ పక్కన ఒక సంచీ పెట్టి, ఫోన్లో ఆ పాట వినిపించాను.

మామ్మ ఒక కన్ను తెరిచింది. "ఇవాళ ఏ వారం?"

"బుధవారం మామ్మా."

"బుధవారం చెత్తబండి వస్తుందటే, పిచ్చిమొహమా? అందులోనూ పొద్దున్న పదింటికా? ఈవిడ టీచరట!"

పిల్లలు పగలబడి నవ్వారు. కో సారు కళ్లద్దాలు తీసి మరీ కళ్లు తుడుచుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎప్పుడు, ఎవరితో, ఎందుకు అని ఏటేటా బోర్డుమీద రాస్తాను గదా, అందులో ఒక్కటీ నేను అడగలేదు.

అందరూ వెళ్లాక మంచం పక్కన కూర్చుని అడిగాను. మామ్మ గంటన్నర చెప్పింది. బండి సాయంత్రం ఐదూ నలభైకి. అరగంట ముందే వెళ్లాలి. ఇరుగమ్మలతో కలిసి కోడళ్లని ఆడిపోసుకోవాలి. ఎవరి సంచీలో ఏముందో చూసి తప్పులు పట్టాలి. "నేను లేకపోతే ఆ వీధి ఏమైపోతుందే?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

గురువారం సాయంత్రం ఐదింటికే మామ్మని చక్రాల కుర్చీలో ఆస్పత్రి వెనక సందులోకి తీసుకెళ్లాను. అక్కడికీ బండి ఐదూ నలభై ప్రాంతంలోనే వస్తుంది. కబురందుకుని ఇరుగమ్మలిద్దరు వచ్చారు. చూడ్డానికి వచ్చిన కో సారు చేతిలో మా ఆఫీసు చెత్తసంచీ పెట్టాను. బండి పాడుతూ వచ్చి ఆగింది. మిగిలిన తిండి వెయ్యడానికి దానికో బకెట్టు, వెనకే కప్పులూ సీసాలూ తీసుకునే ఇంకో బండి. సారు సంచీని అలాగే బండిలోకి విసరబోయాడు.

"ఆగరా అబ్బాయ్!"

మామ్మ కుర్చీ పట్టుకుని లేచింది. ఏడడుగులు వేసింది. ఎడంచేత్తో సంచీ లాక్కుని, కుడిచెయ్యి లోపల పెట్టి, వణుకుతున్న వేళ్లతో ఒక కాగితపు టీ కప్పు పైకి తీసింది.

"మిగిలిన అన్నం బకెట్లోకి, కప్పు వెనక బండిలోకి! ఇంత వయసొచ్చింది, ఇదీ తెలీదా?"

"ఇంట్లో మా ఆవిడే చూసుకుంటుంది మామ్మా..."

"చెత్త పారెయ్యడం రానివాడివి, నాకేం నేర్పుతావురా?"

నా పాఠం నిలిచింది. మరుసటి వారం కో సారు వచ్చి మొదటి బెంచీలో కూర్చున్నాడు. ఇంట్లో ఎన్నడూ చెయ్యని పని ఒకటి చేసి, జరిగింది రాసుకు రమ్మని అందరితో పాటు ఆయనకీ చెప్పాను. ఆయన రాసింది రెండే వాక్యాలు.

"నిన్న మా ఇంటి చెత్త నేను తీసుకెళ్లాను. మా ఆవిడకి ఏమైందోనని వీధంతా పరామర్శకి వచ్చింది."