అరవై మూడో పద్యం

అమెరికాలో నోవై ఊరి గుడిలో జరిగే శతక పోటీలో కూతురు కృతి చేత నూట ఎనిమిది పద్యాలూ చెప్పించాలని ఉమామహేశ్వరి రెండేళ్లుగా ఒకటే పట్టు. మూడు వందల ఏళ్ల కిందటి భక్తుడెవరో రాసిన శతకం. పిల్లకి తెలుగు చదవడం రాదాయె! కార్‌లో, వంటింట్లో, స్విమ్మింగ్ క్లాసు బయట తను ఒక్కో పాదం చెప్పడం, అది చిలకలా అప్పజెప్పడం. అర్థాల జోలికి ఎవరు పోయారు గనక?

కృతి పెద్దమనిషై మూడు వారాలైంది. పోటీ రెండు రోజులుందనగా వచ్చి అడిగింది.

"అమ్మా, సిక్స్‌టీ త్రీ మీనింగ్ స్మృతి వాళ్ల అమ్మమ్మ చెప్పింది. ఆడవాళ్ల బాడీ చీము, నెత్తురు ఉన్న సంచి అంట. వాళ్ల నుంచి నన్ను సేవ్ చెయ్యి స్వామీ అంట. నిజమా?"

"ఆయన మనసు కంట్రోల్ చేసుకోడానికి రాసుకున్నాడమ్మా."

"మరి నేనెందుకు చెప్పాలి?"

ఉమ పోటీ నడిపే రాజారావు గారికి ఫోన్ చేసి ఆ ఒక్కటీ వదిలేయొచ్చా అని బతిమాలింది.

"ఒకటి తగ్గితే శతకం ఎలా అవుతుందమ్మా? పిల్లలకి అర్థాలెందుకు?" అన్నాడాయన.

ప్రైజు పోతే పోనీ అనుకుంది ఉమ. అది వదిలేసి అరవై నాలుగుకి వెళ్లిపొమ్మంది, తను అడ్డురానని కూతురికి మాటిచ్చింది.

పోటీనాడు పిల్ల ఆగితే తర్వాతి పద్యం మొదటి మాట అందించడానికి తల్లులు ముందు వరసలో కూర్చుంటారు. అరవై రెండు అయింది. కృతి ఆగింది. గొలుసులా నేర్చిన పద్యాలు, మధ్య కొక్కెం తీస్తే తర్వాతది ఎక్కడిది? పిల్ల బిక్కమొహం వేసి తల్లి వైపు చూసింది. అరవై నాలుగు, అరవై నాలుగు అని ఉమ గింజుకుంది. తనదీ ఆ గొలుసు చదువే, పాడు చదువు! హాలంతా చూస్తోంది. ఏదో ఒకటి అందించాలని నోరు తెరిచింది.

"చీము..."

కృతి కళ్లు పెద్దవయ్యాయి. కానీ నాలుక ఆగలేదు. పద్యమంతా తప్పు లేకుండా వచ్చేసింది, దాని వెనకే అరవై నాలుగు, ఆ వెనక మిగతావన్నీ. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

కార్ ఎక్కాక ఉమ ఏడ్చేసింది. "నోరు జారిందమ్మా. నేను కావాలని అన్లేదు."

వెనక సీట్లోంచి కృతి మెల్లగా అంది. "రాసినాయనకి నేనెవరో తెలీదు. నువ్వు నన్ను చూస్తూ చెప్పావ్."