చూడకుండా తీసేసిన ఐదో ఫైలు

మంచాల మండలం పాలకేంద్రాల్లో తేదీలు తప్పినప్పుడు తప్పు నిజంగా మంజులదేనా? నాలుగేళ్లుగా ఇస్తారి మనసులో నలుగుతున్న అనుమానం ఇది. పొద్దున ఎల్లమ్మ పటం ముందు కూర్చున్నా అదే అడ్డం వచ్చేది.

రావిర్యాల పక్కన, పాలలో వెన్న చూసే మిషన్లు తయారుచేసే చిన్న కంపెనీలో పని అతనిది. మిషన్‌లోకి ప్రోగ్రాం ఎక్కించే ముందు దాన్ని కంప్యూటర్‌లోనే ఎమ్యులేటర్ మీద నడిపి చూస్తారు. మిషన్ లోపలి అసలు సర్క్యూట్ బోర్డు లేకపోయినా అచ్చం బోర్డులాగే నడుచుకునేది అది. నాలుగేళ్ల కింద దాన్ని కొత్త వెర్షన్‌కు మార్చింది ఇస్తారి. నెల తిరగకముందే ఎనిమిది కేంద్రాల్లో, కరెంటు పోయి వచ్చేసరికి మిషన్లలో తేదీలు వెనక్కి పోయాయి. మిషన్ ప్రోగ్రాం రాసింది మంజుల. "చూసినంకనే పంపిన, ఎమ్యులేటర్‌ల మంచిగనే నడిచింది" అని ఆమె ఎంత చెప్పినా, యజమాని భూపాల్ అందరి ముందూ తిట్టాడు. ఆమె వారం రోజులు బస్సుల్లో తిరిగి ఊరూరా తేదీలు సరిచేసి, నెలాఖరుకు మానేసి, శేరిగూడ కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయింది. ఇస్తారి నోరు మెదపలేదు.

ఇప్పుడు ఆఫీసుకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటి మీద పాత ఎమ్యులేటర్ నడవడం లేదు. దాన్ని మళ్లీ కొత్త వెర్షన్‌కు మార్చే పని ఇస్తారికే పడింది.

ఆ శుక్రవారం పొద్దున అతను పటం మీది వాడిన పూలు తీసి సంచిలో వేశాడు. భార్య రేణుకమ్మ పటం వంక చూసింది.

"అమ్మవారి వెండి కన్నేది? ఒక్కటే ఉన్నది."

"నేను పూలే తీసిన."

"పూలే అనుకొని తీసినవ్. చూసి తీసినవా?"

సంచి బోర్లిస్తే బంతిరేకుల మధ్య దొరికింది. రేణుకమ్మ దాన్ని కడుగుతూ, "ఆఫీసుల గూడ గిట్లనే చేస్తవా?" అంది. నవ్వులాటకే అన్నది. బస్సులో కూడా అతన్ని ఆ మాట వదలలేదు.

ఆఫీసులో, ఎమ్యులేటర్‌ను సిద్ధం చేసే బిల్డ్ టూల్‌లో దాని వెర్షన్ అంకె మార్చాడు. దించుకున్న ఫైలు అసలుదేనని తేల్చే చెక్‌సమ్ మార్చాడు. ఇక ప్యాచ్‌లు, అంటే ఎమ్యులేటర్‌కు తాము వేసుకున్న చిన్న సవరణల ఫైళ్లు మిగిలాయి. కొత్త వెర్షన్‌లో అవి కలిసిపోయే ఉంటాయని తీసేయడం అలవాటు. వేలు డిలీట్ మీదికి పోయి ఆగింది. వీటి సంగతి సరే, పోయినసారి తీసినవేమిటి?

పాత మార్పుల జాబితా తెరిచాడు. ఐదు ఫైళ్లు తీసేసి, కింద "కొత్తదాంట్లో ఉన్నాయి" అని తనే రాశాడు. ఒక్కొక్కటే వెతికాడు. నాలుగు ఉన్నాయి. ఐదోది లేదు. అది మంజుల రాసింది. కరెంటు పోతే బోర్డు గడియారం వెనక్కి పోయినట్టే ఎమ్యులేటర్‌లోనూ పోయేలా చేసే సవరణ. అది లేకపోతే ఎమ్యులేటర్ కంప్యూటర్ గడియారం చూసి ఎప్పుడూ సరైన తేదీయే చెబుతుంది. మంజుల అబద్ధం ఆడలేదు. ఆమె పరీక్షకు కళ్లు తీసేసింది తనే.

ఆ ఫైలును తిరిగి పెట్టబోతే అతకలేదు. నాలుగేళ్లలో చుట్టూ ఉన్న వరసలన్నీ జరిగిపోయాయి.

"పాతది గద, ఇడిచిపెట్టు. ఇప్పుడు ఎవలడిగిండ్రు దాన్ని?" అన్నాడు భూపాల్.

"నేనే అడుగుతున్న అన్న."

"నీ పని ఎమ్యులేటర్ నడిపిచ్చుడు. గంతే."

"నడుస్తది. గిది లేకుంట మాత్రం నడిపియ్య."

శనివారం కుదరలేదు. సోమవారం మధ్యాహ్నానికి అతికింది. మంజుల ఆనాటి ప్రోగ్రాం ఎక్కించి, కరెంటు పోయినట్టు చేసి చూశాడు. తేదీ వెనక్కి పోయింది. పని చెడితే ఇంత సంతోషమేమిటో అతనికే వింతగా తోచింది.

ఆ సవరణ రాసినవారి పేరు దగ్గర మంజుల పేరు పెట్టాడు. కింద, "ఇది ఉండి ఉంటే ఆనాటి తప్పు ముందే తెలిసేది. చూడకుండా తీసేసింది ఇస్తారి" అని రాసి ఆఫీసులో అందరికీ పంపాడు.

"నాకొక్కనికి చెప్తె సరిపోతుండె గద," అన్నాడు భూపాల్.

"ఆమెను అందరి ముందటనే అన్నవ్ గద అన్న."



సాయంత్రం ఇస్తారి శేరిగూడలో దిగి, కాలేజీ గేటు దగ్గర మంజుల చేతిలో, అందరికీ పంపినదాన్ని అచ్చు తీసిన కాగితం పెట్టాడు. ఆమె నిలబడే చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది.

"ఐదు ఫైళ్లు చూస్తందుకు నాలుగేండ్లు వట్టిందా తమ్మీ?"

"అవ్ అక్క."

"గా రోజు ఒక్క మాట అనకపోతివి."

"తెల్వక ఊకున్న. తెలుసుకోకుంట గూడ ఊకున్న."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దాచుకుంది.

"సరే, ఇగ నువ్వు నాకేం బాకీ లేవు. చాయ్ తాగుదాం పా."