గోడ పెట్టని ఏరు

పొద్దున వంట, గిన్నెలు, చేపలు ఎండబెట్టడం అయ్యాక కెజియా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆటలు చేస్తుంది. ఆడడం కాదు, చేయడం. రెండు నిమిషాల్లో అయిపోయే చిన్న ఆటలు. తప్పిపోయిన కోడిని వెతకడం ఒక ఆట. ప్రసంగం ముగిసేదాకా చర్చిలో కునుకు తీయకుండా కూర్చోవడం ఇంకో ఆట. గెలిచేదీ లేదు, ఓడేదీ లేదు. ఇంటర్నెట్‌లో పెడితే ఎక్కడెక్కడి వాళ్లో ఆడి బాగుందని రాస్తారు.

ఆమె వాడే సాఫ్ట్‌వేర్ కూడా చిన్నదే. ఏ బొమ్మైనా అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది గళ్లలో ఇమడాలి. దిండు గలీబుల మీద గళ్లు లెక్కపెట్టి పూలు కుట్టే అత్త రెబెక్కమ్మే ఆ ఒడుపు నేర్పింది. బొమ్మ పక్కన ‘గోడ’ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది. దానికి టిక్కు పెడితే ఆటలోని మనిషి ఆ బొమ్మ దగ్గర ఆగిపోతాడు. పెట్టకపోతే దాని మీదుగా నడిచి పోతాడు.

పోయిన నెల కెజియా తమ ఊరినే ఆటగా చేసింది. వాకాడుకు పోయే దారి, మధ్యలో ఉప్పుటేరు, అవతలి ఒడ్డున పడవ, పడవలో వాళ్ల నాయన మాల్యాద్రి. అన్నీ కుదిరాయి గానీ నీళ్లకు గోడ పెట్టడం మరిచిపోయింది.

మర్నాటి నుంచి ఊళ్లోవాళ్లు ఏటి మీద నడిచి పోసాగారు. బడిపిల్లలు పోయారు, పాస్టరుగారు మోపెడ్ నెట్టుకుంటూ పోయారు.

“పాదాలు తడుస్తుండాయి, చెప్పులు చేత్తో పట్టుకోవాల” అంది రెబెక్కమ్మ, చేపలు అమ్మి వచ్చి ఖాళీ తట్ట దించుతూ.

నష్టపోయింది మాల్యాద్రి ఒక్కడే. ముప్పై ఏళ్లుగా ఆ ఏట్లో పడవ నడిపేది ఆయనే. ఆరేళ్ల కిందట కూతురు చెప్పకుండా ఏరు దాటి, రెబెక్కమ్మ కొడుకు మాథ్యూని చర్చిలో పెళ్లి చేసుకుంది. ఆయన తన తల్లి పేరు పెట్టుకున్న అంకాలమ్మ కాస్తా కెజియా అయింది. అప్పటి నుంచి రోజుకు ఇరవై సార్లు ఈ ఒడ్డుకు వచ్చినా ఆయన ఇసుకలో కాలు పెట్టలేదు. జనాన్ని దించి వెనక్కి తిరిగేవాడు. ఏటి మీద నడక మొదలయ్యాక కెజియా తానే ఒకసారి పోయి చూసింది. ఆయన పడవలో ముసుగు తన్ని పడుకున్నాడు. ఎంత పిలిచినా ముసుగు తీయలేదు.

పన్నెండు రోజులు ఒక్కరూ పడవ ఎక్కలేదు. పదమూడో నాటి మధ్యాహ్నం మాల్యాద్రి, అలవాటుగా పడవ తోసే గడకర్ర చేత పట్టుకుని, ఏటి మీద నడిచి వచ్చాడు.

“ఏందే ఇది? నా పొట్ట కొడతావా? నీ ఆటలో ఏదో గోడ పెట్టలేదంట, ఇప్పుడే పెట్టు!”

వాకిట్లో నాయన. ఆయన కాళ్లకు ఈ ఒడ్డు ఇసుక. కెజియాకు ఇంకేమీ కనబడలేదు.

“మరిచిపోయినా నాయనా. లోపలికి రా, పెడతా.”

“ఈడే నిలబడి చూస్తా. పెట్టు.”

ఆమె ల్యాప్‌టాప్ వసారాలోకి తెచ్చింది. ఏటి మధ్యలో ఎవరూ లేరని చూసుకుని టిక్కు పెట్టింది. అప్పుడే ఒడ్డు దిగబోయిన రెబెక్కమ్మ మోకాళ్ల దాకా నీళ్లలో మునిగి, తిట్టుకుంటూ వెనక్కి వచ్చింది.

“ఆఁ, అదీ” అని మాల్యాద్రి తృప్తిగా గడకర్ర భుజాన వేసుకుని ఏటి దాకా పోయాడు. అక్కడ కాసేపు నిలబడ్డాడు. మెల్లగా తిరిగి వచ్చాడు.

“పడవ అవతల ఉండిపోయింది” అన్నాడు.

“సాయంత్రం పక్కింటి కిషోర్ బాబు తన పడవలో వలకు పోతాడు. నిన్ను దించుతాడులే” అంది కెజియా.

రెబెక్కమ్మ చీర కుచ్చిళ్లు పిండుకుంటూ, “అందాకా నిలబడే ఉంటావా అన్నయ్యా? కాళ్లు కడుక్కో” అంది.

ఆయన గడకర్ర గోడకు ఆనించాడు. పీట మీద కూర్చున్నాడు. కెజియా అన్నం పెట్టి, చేపల పులుసు పోసింది.

“అంకాలూ” అన్నాడు ఆయన తలెత్తకుండా. “పులుసులో చింతపండు ఎక్కువేసినావు.”

“రేపు తగ్గిస్తా నాయనా.”

ఆయన ఇంకాస్త పోయమని చెయ్యి చూపించాడు.

సాయంత్రం కిషోర్ బాబు వచ్చి ఆయన్ని అవతల దించాడు. మర్నాడు మధ్యాహ్నం మాల్యాద్రి జనాన్ని దించి, పడవను ఈ ఒడ్డునే గుంజకు కట్టి, ఇసుకలోకి దిగాడు. దానికోసం కెజియా ఆటలో ఇంకేమీ మార్చలేదు.